నీళ్ళ వైపు లాగే కుక్క

ఆ కుక్కకి మా తమ్ముడు సరైన పేరు పెట్టలేదు. "ఒరేయ్" అని పిలిచేవాడు, అదే పేరైపోయింది. మేముండే తాడేపల్లిగూడెం లాంటి ఊళ్ళో ఆ పేరున్న కుక్కను గొలుసు పట్టుకుని తిప్పడం ఏమిటో తిప్పినవాళ్ళకే తెలుస్తుంది. మార్కెట్ యార్డు దగ్గర ఒక హమాలీ ఇంకో హమాలీని "ఒరేయ్" అని కేకేస్తే చాలు, ఇది చెవులు నిక్కబొడుచుకుని, నన్ను ఈడ్చుకుంటూ అటు పరిగెత్తేది. ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, కాళ్ళు వాసన చూసి, తల దించుకుని వెనక్కి తిరిగేది. అది పరిగెత్తినప్పుడు నాకు కోపం వచ్చేది. వెనక్కి తిరిగినప్పుడు మాత్రం దాని మొహం చూడలేకపోయేదాన్ని.

మా ఇంట్లో కుక్కను పెంచాలని ఎవరూ అనుకోలేదు. తమ్ముడు పోయాక మా మరదలు మా ఇంటికి వచ్చింది. ఆమెతో పాటు ఒక ట్రంకు పెట్టె, ఈ కుక్క వచ్చాయి. అన్నలు పుట్టింటికి తీసుకెళ్తామంటే వెళ్ళనంది. కుక్కను అక్కడ ఎవరికైనా ఇచ్చేసి రమ్మంటే రానంది. సరే, రెంటినీ రమ్మన్నాను. అప్పటికి నాకు కుక్కల గురించి తెలిసింది సున్నా. స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి సున్నా విలువ నాకు బాగా తెలుసు.

అది కొల్లేటి కుక్క. మాది మాత్రం కామవరపుకోట వైపు మెట్ట ఊరు. మా నాన్న మిషన్ స్కూల్లో పంతులుగా చేశారు. మా ఇంట్లో నీళ్ళంటే బావిలో నీళ్ళే, అవీ చేదతో తోడుకోవాల్సినవి. మా తమ్ముడికి చదువు అబ్బలేదు, మెట్ట సేద్యం నచ్చలేదు. ఎవరో స్నేహితుడి మాట పట్టుకుని కొల్లేటికి దిగి, ఒక చేపల చెరువులో వాటాదారుగా చేరాడు. చెరువు గట్టు మీదే పాక వేసుకున్నాడు. పెళ్ళి చేసుకుని పెళ్ళాన్ని కూడా ఆ పాకలోకే తీసుకెళ్ళాడు. "ఇంత లోకంలో నీకు కాపురానికి పొడి నేలే దొరకలేదా?" అని పెళ్ళి పందిట్లోనే అడిగాను. వాడు నవ్వాడు. పెళ్ళికూతురు కూడా తలొంచుకుని నవ్వింది.

చేపల చెరువు గట్టు మీద కుక్కకి ఉద్యోగం ఉంటుంది. పక్షుల్ని తోలడం. నీటికాకులూ గూడబాతులూ గుంపుగా దిగితే పిల్లచేప మిగలదు. వాడు పాత నూనె డబ్బా మీద కర్రతో కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే కుక్క మొరుగుతూ గట్టంతా చుట్టి, మళ్ళీ వాడి కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడేది. పొద్దుట మొదలుపెడితే చీకటి పడేదాకా అదే పని. అక్కడ ఏ గట్టు మీద చూసినా ఒక కుక్క, ఒక డబ్బా. రోజంతా అరుపులే. నేనొకసారి వెళ్ళి రెండు రోజులున్నాను. మొదటి రోజు తలనొప్పి వచ్చింది. రెండో రోజుకి ఆ అరుపులు నాకూ వినపడడం మానేశాయి.

తమ్ముడు పోయిన సాయంత్రం కూడా అది అరిచింది.

వానాకాలం. గాలిగా ఉంది. వాడు పడవ వేసుకుని చెరువు మధ్యకి వెళ్ళాడు. చేపలకి మేత పెట్టడానికి సంచులకి చిల్లులు పొడిచి, వాటిలో తవుడు నింపి, నీళ్ళలో పాతిన గెడలకి కడతారు. ఆ పని మీదే వెళ్ళాడు. పడవ తిరగబడిందో, వాడే కాలు జారాడో చూసినవాళ్ళు లేరు. ఈత వచ్చు. కానీ అది పెద్దయ్యాక నేర్చుకున్న మెట్టవాళ్ళ ఈత. కుక్క గట్టు చుట్టూ తిరుగుతూ ఒకటే అరుపు. పక్క చెరువుల వాళ్ళంతా విన్నారు. పాక ముందు కూర్చుని బియ్యం ఏరుతున్న మా మరదలు కూడా విన్నది. ఇవాళ పక్షులు బాగా దిగినట్టున్నాయి, పాపం ఒకటే తోలుతోంది అనుకుంది. బియ్యం కడిగింది. ఎసట్లో పోసింది. పొయ్యి సర్దింది. అప్పుడు బయటికి వస్తే కుక్క ఎదురొచ్చింది. ఒళ్ళంతా తడిసి ఉంది. గట్టు మీద పరిగెత్తే కుక్క ఎందుకు తడిసిందా అని అప్పుడు చెరువు వైపు చూసింది.

ఈ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది. నేను మళ్ళీ అడగలేదు. పక్షుల్ని తోలడానికి నేర్పిన అరుపు తప్ప ఆ కుక్కకి వేరే అరుపు లేదు. అంతమంది విన్నారు, ఒక్కళ్ళూ తల తిప్పలేదు. ఎవరినని తప్పు పట్టాలి? నేనక్కడ ఉన్నా తల తిప్పేదాన్ని కాదు.

జనం చేరాక కుక్క ఎవర్నీ నీళ్ళలో దిగనివ్వలేదట. మీద పడి కరవబోతుంటే పట్టుకుని పాక వెనక గుంజకి కట్టేశారు. వాడిని పైకి తీశారు, ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు, అక్కడి నుంచి మా ఊరి సమాధుల తోటకి తెచ్చారు. కుక్క ఇదేదీ చూడలేదు. సమాధి చేశాక ఇంటి దగ్గర పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థనకి వచ్చిన పక్క చెరువు పెద్దాయన ఒకరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు.

"దానికి మనిషిని చూపించాల్సిందండమ్మా. మేమైతే చూపిత్తామండి. చూత్తే ఊరుకుంటదండి. లేదంటే ఎతుక్కుంటానే ఉంటదండి."

నాకు ఒళ్ళు మండింది. అక్కడ పాస్టరు గారు పునరుత్థానం గురించి చెబుతుంటే ఈయన నాకు కుక్క దుఃఖం గురించి చెబుతాడేమిటి అనుకున్నాను. "చూద్దాంలెండి" అని లోపలికి వచ్చేశాను.

చూశాను. ఇంటికొచ్చిన మొదటి వారమే చూశాను. అది తాడు కొరికి పారిపోయింది. గణపవరం రోడ్డు మీద, కొల్లేటి వైపు పరిగెడుతుంటే మాకు తెలిసిన పాలాయన పట్టుకుని సైకిలుకి కట్టి తెచ్చాడు. ఆ తర్వాత ఎడ్లకి వేసే ఇనప గొలుసు కొన్నాం. గొలుసు వేశాక అది పెరట్లో కట్టిన చోటే గుండ్రంగా తిరిగేది. తిరిగి తిరిగి నేల మీద గాడి పడింది. పగలంతా గట్టు చుట్టూ పరిగెత్తడానికి అలవాటు పడ్డ ఒళ్ళు అది. కడుపునిండా పెడితే ఆ తిండంతా కాళ్ళలోకే పోయేది.

"అలిసేదాకా పరిగెత్తించాలి. అలిస్తే అదే పడుకుంటుంది" అని మా ఆయన తేల్చారు. ఆయనకి ఇలాంటి తేల్చడాలు బాగా వచ్చు. గొలుసు చేతికి చుట్టుకుని స్కూటరు మీద బయల్దేరారు. రైలు గేటు దాటేదాకా బాగానే పోయారట. అక్కడ రోడ్డు పక్కన తూడు అల్లుకున్న గుంట ఉంది. కుక్కకి నీళ్ళు కనపడ్డాయి. కుక్కా, స్కూటరూ, ఆయనా ముగ్గురూ గుంటలోకి వెళ్ళారు. ఇంటికి వచ్చినప్పుడు చొక్కా మీద తూటాకులు వేలాడుతున్నాయి. ఎంత ఆపుకున్నా నాకు నవ్వాగలేదు. మరదలు నవ్వలేదు. "నీళ్ళలోకి దిగిందాండీ? దిగి ఏం చేసిందండీ?" అని ఆయన్ని గుచ్చి గుచ్చి అడిగింది.

ఆ మర్నాటి నుంచి కుక్కను తిప్పే పని ఆమె తీసుకుంది. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఏలూరు కాలువ గట్టు మీద. గుప్పెడు మనిషి, ఈ కుక్క ఒక్కసారి గట్టిగా లాగితే ఎక్కడ పడుతుందో అని నేను కూడా బయల్దేరాను. ఇంట్లో అందరికీ అదే చెప్పాను. నిజం వేరే. మా ఇంట్లో ఆమె తినేది పిట్ట తిండి. మాట్లాడదు. రోజంతా గోడకి చేరగిలబడి కూర్చుంటుంది. గొలుసు చేతికి తీసుకునేసరికి మాత్రం కళ్ళలోకి ప్రాణం వచ్చేది. కాలువ వైపు నడిచేటప్పుడు ఆమె కుక్క కన్నా ముందుండేది. అంత ఆత్రంగా నీళ్ళ దగ్గరికి వెళ్ళే మనిషిని ఒంటరిగా పంపడానికి నాకు ధైర్యం చాలలేదు. కుక్కను తిప్పడం పేరు. నేను కాపలా కాసింది ఆమెకి.

నాకు అప్పుడు స్కూలు, ఇల్లు, ట్యూషన్లు. పొద్దున్నే కాలువ గట్టు మీద ఆ కుక్కతో లాగులాట ఆడి స్కూలుకి వెళ్తే అరచేతులు బొబ్బలెక్కి సుద్దముక్క పట్టుకోలేకపోయేదాన్ని. అది నడిచే కుక్క కాదు. రోడ్డు మీద లారీలు, మేకలు, మిగతా కుక్కలు ఏవీ దానికి పట్టవు. నీళ్ళు కనపడితే మాత్రం నేలకి ఒంగి, మెడ పట్టీ గొంతుకి బిగుసుకుపోయేలా లాగేది. గురకలు పెట్టేది. ఇద్దరం కలిసి పట్టుకున్నా అడుగడుక్కీ జారేవాళ్ళం. వదిలితే ఏం చేస్తుందో ఒకసారి తెలిసింది.

వంతెన దాటాక పాత రేవు ఒకటుంది. ఒకాయన మొల లోతు నీళ్ళలో నిలబడి స్నానం చేస్తున్నాడు. ముక్కు పట్టుకుని బుడుంగున మునిగాడు. మునగడం తరువాయి, గొలుసు నా చేతిలోంచి సర్రుమని జారిపోయింది. కుక్క అరుస్తూ గట్టు మీద అటూ ఇటూ రెండు పరుగులు పెట్టి, దూకేసింది. ఆయన తల పైకెత్తేసరికి మెడలోని తువ్వాలు కుక్క నోట్లో ఉంది. అది కాళ్ళు తన్నుకుంటూ మెట్ల వైపు లాగుతోంది, ఆయన "అయ్యబాబోయ్! చంపేత్తందిరా బాబూ!" అని ఊరంతా వినపడేలా అరుస్తున్నాడు. రేవులో గుడ్డలుతుకుతున్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. నేను చేతులు జోడించి, ఆయన తిట్టినవన్నీ పడ్డాను. తిట్టడం అయ్యాక ఆయనా కొంచెం నవ్వి, తువ్వాలు పిండుకుని వెళ్ళాడు.

మరదలు మెట్ల మీద కూర్చుని కుక్క మెడ నిమురుతోంది.

"లాగుతుందండి వదినగారూ. చూశారా? మనిషిని బయటికి లాగడం దానికి తెలుసండి."

"తెలిస్తే తెలిసిందిలే, లే" అన్నాను.

"ఆ రోజు కూడా లాగే ఉంటుందండి. ఒళ్ళంతా తడిసే ఉంది కదండీ. చాలక, నన్ను పిలవడానికి వచ్చిందండి."

ఇద్దరం గొలుసు పట్టుకుని ఇంటికి వచ్చాం.

అప్పటి నుంచి కుక్క ఆ రేవుని వదల్లేదు. అక్కడికి రాగానే ఆగి, నీళ్ళకేసి అరిచేది. రేవులో ఎవరూ లేకపోయినా అరిచేది. మరదలు ఆగిపోయేది. అది ఆపేదాకా కదిలేది కాదు.

"అక్కడేముంది, పద" అనేదాన్ని.

"ఊరికే అరవదండి" అనేది. అంతే. గొంతు పెంచేది కాదు, వాదించేది కాదు. ఆ మెత్తదనానికే నాకు తిక్క రేగేది.

మంచు రోజులు వచ్చాయి. ఒక పొద్దున కాలువ అవతలి గట్టు కనపడడం లేదు. రేవులో ఎవరూ లేరు. కుక్క అరవడం మొదలుపెట్టింది. మరదలు నీళ్ళ వైపు చూడడం లేదు, కళ్ళు మూసుకుని ఉంది. నేను చూశాను. మెట్లకి కొంచెం దూరంలో నీళ్ళ మీద గుండ్రంగా ఒక అల విచ్చుకుంటోంది. ఎవరో అప్పుడే మునిగితే లేచే అల అంత. తల పైకి వస్తుందని నిలబడ్డాను. అల మెట్లని తాకి ఆగిపోయింది. ఎవరూ లేవలేదు. చేప అయి ఉంటుంది. చేపే అని ఇప్పటికీ అంటాను. ఆ పొద్దున క్లాసులో పిల్లలకి భిన్నాలు చెబుతూ రెండుసార్లు తప్పు లెక్క చేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం స్కూల్లో మీటింగు పెట్టారు, నాకు ఆలస్యమైంది. ఇంటికి వస్తే పెరట్లో కుక్క లేదు, మరదలు లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. చెప్పుల్లేకుండా కాలువ గట్టు దాకా పరిగెత్తాను. నా వయసుకీ ఒంటికీ అది తగిన పరుగు కాదు, దారిలో నా స్టూడెంట్లు ఇద్దరు నోళ్ళు తెరుచుకుని చూశారు.

ఆమె రేవులో ఆఖరి మెట్టు మీద నిలబడి ఉంది. పాదాలు నీళ్ళలో ఉన్నాయి. చీర అంచు తేలుతోంది. గొలుసు చేతిలో వదులుగా వేలాడుతోంది. కుక్క ఆమె పక్కన నిలబడి గొంతు పోయేలా అరుస్తోంది. జబ్బ పట్టుకుని పైకి లాగాను.

"ఏం చేస్తున్నావే ఇక్కడ?"

"వింటున్నానండి."

"ఏంటి వినేది?"

"ఆ రోజు వినలేదు కదండీ" అంది. "అందుకని ఇప్పుడు వింటున్నానండి."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో ఏడుపు లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వాడు పోయినప్పటి నుంచి ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్నం మాడిపోయి ఉంది. మా ఆయన గిన్నె దించి, "ఈ కుక్కని ఎక్కడైనా వదిలేద్దాం. దీనివల్లే ఆ పిల్ల ఇలా అవుతోంది" అన్నారు. కుక్కను పంపేస్తే ఆమె ఇంట్లో ఉంటుందా, నీళ్ళ దగ్గరికి వెళ్తుందా? నేను ఒప్పుకోలేదు. మర్నాటి నుంచి సాయంత్రం ట్యూషన్లు మానేశాను.

ఎండాకాలం వచ్చేసరికి కొల్లేటిలో చెరువుల గట్లు కొట్టేయడం మొదలైంది. సరస్సుని ఆక్రమించి కట్టిన చెరువులన్నీ తీసేయాలని ప్రభుత్వం పొక్లెయిన్లు దింపింది. మా తమ్ముడి చెరువు కూడా అందులో ఉంది. ఆక్రమణ అని నేను వాడు బతికుండగానే వాడి మొహం మీద అన్నాను, వాడు "అందరివీ అవేనక్కా" అన్నాడు. ఇప్పుడు ఆదరణ కూడికకి వచ్చిన ఆ పెద్దాయనే ఫోను చేశాడు. చేపలు ముందే పట్టేశారని, నీళ్ళు లాగేస్తున్నారని, గట్టుకి గండి పెడతారని చెప్పాడు.

మరదలు వింటూ నిలబడింది. "ఒక్కసారి వెళ్దామండి వదినగారూ. దాన్ని కూడా తీసుకుని" అంది.

మా ఆయన వద్దన్నారు. నాకూ వద్దనే ఉంది. నీళ్ళ దగ్గరికి వెళ్ళకుండా ఇన్నాళ్ళు కాపలా కాసి, చేతులారా అసలు నీళ్ళకే తీసుకెళ్ళడమా? కానీ మా ఇంటికొచ్చాక ఆమె నన్ను అడిగిన మొదటి కోరిక అది. లగేజీ ఆటో మాట్లాడాను. వెనక కుక్కతో ఆమె, ముందు డ్రైవరు పక్కన గొడుగు పట్టుకుని నేను. దారి పొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. మెడ పట్టేసింది.

గట్టు మీదకి చేరేసరికి ఎండ మండిపోతోంది. దూరంగా పోలీసు వ్యాన్లు, గుంపులుగా జనం. తర్వాతి చెరువు దగ్గర ఆడవాళ్ళు మిషనుకి అడ్డంగా కూర్చున్నారు. మా తమ్ముడి పాకకి కప్పు లేదు, గుంజలు మాత్రం ఉన్నాయి. సరస్సు వైపు గట్టుకి పెద్ద గండి పడి ఉంది. చెరువులో నీళ్ళు లేవు. ఈ చివర్నుంచి ఆ చివరి దాకా నల్లటి బురద. తవుడు సంచులు కట్టిన గెడలు బురదలో అలాగే నిలబడి ఉన్నాయి. కొన్నిటికి చివికిపోయిన సంచి ముక్కలు ఇంకా వేలాడుతున్నాయి. అంత పెద్ద చెరువు ఇంతేనా అనిపించింది.

కుక్క ఒళ్ళంతా వణుకుతోంది. అరవడం లేదు. మరదలు వంగి మెడ పట్టీ విప్పేసింది.

"అమ్మాయ్! ఏం పని చేశావ్?"

"ఎక్కడికి పోతుందండీ" అంది. "ఇదే దాని ఊరండి."

అది పరుగు తీసింది. చెవులు వెనక్కి వాల్చి, మొరుగుతూ, గట్టు వెంబడి, వాడు డబ్బా కొడితే పరిగెత్తినట్టే. అన్ని నెలలు గొలుసులో దాచుకున్న పరుగంతా తీసింది. నేను చూస్తూ నిలబడిపోయాను. అంత అందంగా పరిగెత్తే జంతువునా నేను మార్కెట్ యార్డు చుట్టూ ఈడ్చుకు తిరిగింది! గండి దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. అవతలి వైపుకి చూసింది. వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. గట్టు లేదు. అప్పుడు అది లోపలికి, బురదలోకి దిగింది.

మరదలు చెంగు దోపి దాని వెనకే దిగింది.

నేను వేసిన కేకకి అడ్డంగా కూర్చున్న ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. పెద్దాయన నా పక్కకి వచ్చాడు. "మోకాటి లోతేనండమ్మా. మునగరండి. వెళ్ళనివ్వండి" అన్నాడు. వెళ్ళనివ్వక నేను చేయగలిగిందీ లేదు.

కుక్క మొదటి గెడ దగ్గరికి వెళ్ళి చుట్టూ వాసన చూసింది. తర్వాతి దాని దగ్గరికి వెళ్ళింది. ఆమె వెనకాలే వెళ్ళింది. కాలు దిగబడితే గెడ పట్టుకుని ఆగేది, కుక్క కూడా ఆగేది. అలా గెడ తర్వాత గెడ, చెరువంతా తిరిగారు. తొందరపడలేదు. ఒక్క గెడని వదల్లేదు. ఎండలో, ఆ బురద మధ్య, ఆ ఇద్దరూ వాడి కోసం వెతుకుతుంటే నేను గొడుగు పట్టుకుని చూశాను.

పైకి వచ్చేసరికి నడుం దాకా బురద. కుక్క నాలుగు కాళ్ళూ చాపి పాక నీడలో పడుకుంది. దానికి దాహం వేస్తోందని కూడా గుర్తులేనట్టు కళ్ళు మూసుకుంది. ఆమె నా ఎదురుగా నిలబడింది.

"లేరండి వదినగారూ" అంది. "అంతా చూశామండి. ఇక్కడ లేరండి."

అని ఏడ్చింది. అప్పటిదాకా ఎక్కడ దాచిందో, గుండెలు బాదుకుని, బురదలో కూలబడి, మా తమ్ముణ్ణి పిలుచుకుంటూ ఏడ్చింది. పక్క గట్ల ఆడవాళ్ళు వచ్చి ఆమెని ఒళ్ళోకి తీసుకున్నారు. వాళ్ళకి ఆమె తెలుసు, వాడు తెలుసు. వాళ్ళూ ఏడ్చారు. నేను ఆటో వెళ్ళిపోకుండా చూసుకున్నాను. బిందెతో నీళ్ళు తెప్పించి ఆమె కాళ్ళు కడిగించాను. కుక్కకి తాగడానికి పెట్టాను. ఎండ దెబ్బ తగులుతుందేమోనని గొడుగు ఆమె మీదకి పట్టాను. నాకు చాలా పనులున్నాయి.

ఆ తర్వాత ఇద్దరూ మారారు. కుక్క రేవు దగ్గర ఆగడం మానేసింది. "ఒరేయ్" అని వినపడితే తల తిప్పి చూసేది, పరిగెత్తేది కాదు. మరదలు అన్నం తినసాగింది. కొన్నాళ్ళకి ఏలూరులో ఒక ఆసుపత్రిలో ఆయా పని దొరికితే, నేను వద్దన్నా వినకుండా వెళ్ళి చేరింది. అక్కడే నలుగురు అమ్మాయిలతో కలిసి హాస్టల్లో గది తీసుకుంది. హాస్టలు గదుల్లోకి కుక్కల్ని రానివ్వరు కాబట్టి ఇది నాకే మిగిలింది. మా ఆయన ఏమీ తేల్చలేదు. గొలుసు లేకుండా దాన్ని తీసుకెళ్ళడానికి నాకు చాలాకాలం పట్టింది. మొదట వదిలిన రోజు కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూశాను. అది కొంచెం ముందుకి పరిగెత్తి, ఆగి, నేను వచ్చేదాకా నిలబడింది.

సెలవు దొరికినప్పుడు మరదలు పాసింజరు రైల్లో వచ్చేది. కొంచెం ఒళ్ళు చేసింది. ఆసుపత్రిలో డాక్టర్లని అనుకరించి మా ఆయన్ని నవ్వించేది. అలా వచ్చిన ఒక ఆదివారం గుడిలో ఆరాధనకి వెళ్ళకముందే నేనూ, ఆమే, కుక్కా ముగ్గురం కాలువ గట్టుకి బయల్దేరాం. ఆమె ఏవో కబుర్లు చెబుతోంది. వంతెన దాటాం. కుక్క రేవుని పట్టించుకోకుండా ముందుకి పోయింది. ఆమె కూడా మాట్లాడుతూ కొంత దూరం వెళ్ళి, పక్కన నేను లేనని చూసుకుని, వెనక్కి వచ్చింది.

"రోజూ ఆగుతారాండీ ఇక్కడ?"

"కాళ్ళు నొప్పులు" అన్నాను.

ఆమె నీళ్ళ వైపు చూసింది, నన్ను చూసింది.

"వదినగారూ, మీరు ఏడవలేదండి" అంది. "ఊళ్ళో సమాధి చేసినప్పుడు కూడా ఏడవలేదు. ఆ రోజు గట్టు మీద కూడా ఏడవలేదు."

నాకు కోపం వచ్చింది. "తీరికెక్కడుంది నాకు? నీ వెనకా, నీ కుక్క వెనకా తిరగడంతోనే సరిపోయింది!" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

ఆమె చిన్నబుచ్చుకోలేదు. నా భుజం మీద చెంగు జారితే సర్దింది.

"ఇప్పుడు ఖాళీయే కదండీ" అంది.

అని, కుక్కను పిలిచి, దాంతో పాటు ముందుకి నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను రేవు మెట్ల మీద కూర్చున్నాను.